మార్క్ ట్వేన్ - హక్ ఫిన్ కథ

అమెరికా దేశపు ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు తరగతికి వచ్చే విద్యార్థుల చేతులలో తరతరాలుగా కనిపిస్తూ వచ్చిన నవలలు కొన్ని ఉన్నవి. వానిలో ఒకదానిని వ్రాసినవాడు పన్నెండు పదమూడేండ్ల ప్రాయంలోనే చదువుకు దూరమైనవాడు. ఆ నవలలోని కథానాయకునికి బడి అంటే గిట్టదు. వాని తాగుబోతు తండ్రికి, కొడుకు చదవ నేర్చినాడని తెలిసినప్పుడు ఒళ్ళు మండిపోతుంది. తన కథలో నీతిని వెదకబోయేవారికి దేశబహిష్కారం తప్పదని గ్రంథకర్త మొదటి పుటలోనే హాస్యానికి హెచ్చరిక కూడ చేసినాడు. అటువంటి పుస్తకం పాఠ్యగ్రంథమై, దానిలోని నీతి యేమిటో సోదాహరణంగా వివరింపుడని పరీక్షాపత్రాలలో అడుగబడుతూ ఉండటం చూస్తే అందరికంటె ముందు నవ్వేవాడు మార్క్ ట్వేనే.

ఆయన అసలు పేరు శామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్. 1835 నవంబరు 30వ తేదీన మిస్సోరి రాష్ట్రంలో ఫ్లారిడా అనే కుగ్రామంలో జన్మించినాడు. ఏడుగురు బిడ్డలలో ఆరవవాడు. 1839లో ఆ కుటుంబం మిసిసిపి నది ఒడ్డున ఉన్న హానిబల్ అనే చిన్న పట్టణానికి తరలి వచ్చినది. తండ్రి జాన్ మార్షల్ క్లెమెన్స్ న్యాయశాస్త్రం తెలిసినవాడు, నిజాయితీపరుడు, నవ్వు ఎరుగని మనిషి. దుకాణం పెట్టి నష్టపోయినాడు. భూములు కొని నష్టపోయినాడు. 1847లో నిమోనియా జ్వరంతో మరణించినాడు. తల్లి జేన్ మాటకారి, దయాశీల. కుమారునికి అబ్బిన హాస్యం ఆమె సొత్తే.

మిస్సోరి బానిసత్వాన్ని అంగీకరించిన రాష్ట్రం. ఏటికి ఆవలి ఒడ్డున ఉన్న ఇల్లినాయి రాష్ట్రంలో అది లేదు. ఒక్క నది వెడల్పు దూరంలో స్వాతంత్ర్యం కనిపిస్తూ ఉంటుంది. కాని దాటిపోయినవానిని పట్టి తెచ్చి యజమానికి అప్పగించటానికి చట్టం అవకాశమిచ్చినది. 1841లో ఇల్లినాయి నుండి వచ్చి బానిసలను తప్పింపబోయిన ముగ్గురు యువకులను పట్టుకొని విచారించినప్పుడు, వారికి పన్నెండేండ్ల కారాగారశిక్ష పడటానికి కారణమైన జ్యూరీలో జాన్ మార్షల్ క్లెమెన్స్ కూడ కూర్చున్నాడు. ఆయన తాను అన్యాయం చేస్తున్నానని అనుకొని ఉండడు. ఆ ఊరి చర్చిలలో మతబోధకులు బానిసత్వం దైవసమ్మతమని వేదిక నెక్కి బోధించేవారు. బడిలోగాని, ఇంటిలోగాని, గుడిలోగాని దానిని తప్పు అనే మాట ఆ బాలుని చెవిని పడలేదు. ఈ సంగతిని బాగుగా గుర్తు పెట్టుకొననిదే ఆయన నవల అర్థం కాదు.

చెవిని పడనిది కంట పడినది. పదేండ్ల వయసులో, పని మొరటుగా చేసినాడన్న కోపంతో ఒక తెల్లవాడు విసరిన ఇనుపరాతి దెబ్బకు ఒక బానిస తల పగిలి గంటలో ప్రాణం విడవటం శామ్ చూచినాడు. ఇంటిలో శాండీ అనే చిన్న నల్లపిల్లవాడు పనికి ఉండేవాడు. దూరాన ఉన్న మేరీలాండులో తల్లిదండ్రుల నుండి వేరుచేసి వానిని ఇక్కడికి తెచ్చినారు. వాడు పగలంతా పాడుతూ, అరుస్తూ గోల చేసేవాడు. ఆ గోల భరించలేక శామ్ ఒకనాడు తల్లికి ఫిర్యాదు చేసినాడు. వాడు పాడుతున్నంతసేపు తన తల్లిని మరచి ఉన్నాడని తనకు ధైర్యమనీ, వాడు మౌనంగా ఉంటేనే తన మనసు ఆగదనీ ఆమె కన్నీటితో చెప్పినది. ఆ తరువాత శాండీ పాట ఆ పిల్లవానికి ఎప్పుడూ గోలగా తోచలేదు.

వేసవి సెలవులలో పినతండ్రి వరుస అయిన జాన్ క్వార్ల్స్ వ్యవసాయక్షేత్రంలో గడపటం ఆ పిల్లలకు పండుగ. అక్కడి బానిసలలో నడివయసువాడైన డేనియల్ ఉండేవాడు. రాత్రివేళ వంటచావిడిలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని దయ్యాల కథలు చెప్పేవాడు. సరళహృదయుడు, వివేకి, ఓర్పరి. నవలలోని జిమ్ పాత్రకు మూలపురుషుడు ఈ డేనియలే. హక్ పాత్రకు మూలం ఊరి తాగుబోతు కొడుకు టామ్ బ్లాంకెన్‌షిప్. బడి లేదు, స్నానం లేదు, అడిగేవాడు లేడు. అతనితో తిరుగవద్దని పెద్దలు ఆంక్ష పెట్టినందువల్లనే ఊరి పిల్లలందరికీ అతనితో తిరగాలని ఉండేది. టామ్ అన్న బెన్స్ 1847లో, పారిపోయి వచ్చి నదీద్వీపంలో దాగిన ఒక బానిసకు కొన్ని వారాలపాటు రహస్యంగా తిండి చేరవేసినాడు. పట్టి ఇచ్చినవారికి యాభై డాలర్ల బహుమానం ప్రకటింపబడి ఉన్నది. కట్టుబట్టకు గతిలేని బెన్స్‌కు అది తక్కువ సొమ్ము కాదు. ఆ బానిస చివరకు తరుముకొని వచ్చినవారికి చిక్కకుండా పోబోయి నీటిలో పడి మరణించినాడు. ముప్పది యేండ్ల తరువాత నవలగా పరిణమించిన బీజం ఇదే అని చెప్పవచ్చు.

తండ్రి పోయిన తరువాత శామ్ అచ్చుకూటంలో చేరినాడు. జీతం లేదు, కూడు, గుడ్డ మాత్రమే. సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి పంక్తి కూర్చే పనిలో వాక్యం బరువెంతో చేతికి తెలిసి వస్తుంది. 1853లో ఊరు విడిచి సెంట్ లూయీ, న్యూయార్కు, ఫిలడెల్ఫియా నగరాలలో అచ్చుపని చేస్తూ, రాత్రులు గ్రంథాలయాలలో చదువుకొన్నాడు. ఆయన యెరిగిన కళాశాల అంతవరకే.

1857లో జీవితం మలుపు తిరిగినది. హొరేస్ బిక్స్‌బీ అనే పేరుగల స్టీమరు పైలటు వద్ద ఐదువందల డాలర్ల గురుదక్షిణకు ఒప్పుకొని శిష్యుడైనాడు. పైలటు అంటే మన గోదావరి లాంచీల మీది సరంగు వంటివాడు. కాని ఆ కాలపు మిసిసిపి మీద అతని దర్జా వేరు. నడిచే ఓడ మీద అతని మాటకు కెప్టెను కూడ ఎదురు చెప్పరాదు. సెంట్ లూయీ నుండి న్యూ ఆర్లియన్స్ వరకు పన్నెండువందల మైళ్ళకు పైగా ఉన్న నదిలో ప్రతి వంపును, ప్రతి ఇసుకతిప్పను, మునిగి ఉన్న ప్రతి చెట్టుమోడును చీకటిలో కూడ చెప్పగలగాలి. ఇంత నేర్చిన తరువాత వరద వచ్చి నది త్రోవ మారిస్తే మరల మొదటినుండి నేర్వాలి. 1859లో ఆయనకు లైసెన్సు లభించినది. ఓడ ముందుభాగాన నిలిచి తాడుతో లోతు కొలిచేవాడు రెండు బారల నీరున్నదని కేకవేసే సంకేతమే మార్క్ ట్వేన్. పన్నెండడుగుల నీరు, ఓడకు భయం లేదన్నమాట. 1863 ఫిబ్రవరిలో నెవాడాలోని పత్రిక ఒకదానిలో వ్రాస్తూ ఆ కేకనే తన కలంపేరుగా పెట్టుకొన్నాడు.

ఈ నడుమనే, 1858 జూన్‌లో, తాను ఉద్యోగం ఇప్పించిన ఓడలోనే తమ్ముడు హెన్రీ బాయిలరు ప్రేలి గాయపడి మెంఫిస్‌లో మరణించినాడు. కొద్దిదినాల ముందు పైలటుతో తగవుపడి తాను ఆ ఓడ దిగిపోయినందున బ్రతికినాడు. ఆ దుఃఖం, తానే కారణమన్న తపన ఆయనను జీవితాంతం వదలలేదు. 1861లో అంతర్యుద్ధం వచ్చి నదిపై రాకపోకలు నిలిచిపోయినవి. దక్షిణపక్షపు దళమొకదానిలో రెండు వారాలు ఉండి, యుద్ధం తనకు సరిపడదని గ్రహించి, అన్న ఓరియన్‌తో పడమటికి వెళ్ళినాడు. వెండిగనుల వెదకులాట, విలేఖరి వృత్తి, 1865లో దేశమంతా నవ్వించిన కప్పగంతు కథ, 1867లో యూరపు, పాలెస్తీనాల యాత్ర, 1869లో ఆ యాత్రను గూర్చిన గ్రంథం - వీనితో ఆయన కీర్తిమంతుడైనాడు.

1870లో ఒలీవియా లాంగ్డన్‌ను వివాహమాడినాడు. ఆమె తండ్రి సంపన్నుడు. బానిసత్వ నిర్మూలనకు పాటుపడినవారిలో ఒకడు. తాను పుట్టిన ఇంటిలో న్యాయమనుకొన్నదానిని మెట్టిన ఇంటివారు మహాపాపమనుకొన్నారు. కాలక్రమాన ఆయన వేసవులన్నీ ఎల్మైరా పట్టణం వద్ద వదినెగారి క్వారీ ఫారమ్‌లో గడవసాగినవి. వదినె వరుసైన ఆమె - ఒలీవియాకు అక్క - 1874లో కొండమీద ఎనిమిది పలకల చిన్న వ్రాతగదిని ఆయనకు కట్టించి ఇచ్చినది. ఆ ఇంటిలో వంటచేసే మేరీ ఆన్ కార్డ్ పూర్వం బానిస. ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఆమెకు కష్టమన్నది తెలియదని ఆయన అనుకొన్నాడు. ఒక సాయంకాలం ఆమె తన కథ చెప్పినది: భర్తను, ఏడుగురు బిడ్డలను తన కళ్ళయెదుట వేలంలో అమ్మిన వైనం, కడగొట్టు కుమారుడు హెన్రీ ఎన్నో యేండ్ల తరువాత యుద్ధకాలంలో సైనికుడై వచ్చి తనను గుర్తించిన వైనం. ఆయన దానిని ఆమె మాటలతోనే, ఆమె గొంతుతోనే వ్రాసి 1874లో అట్లాంటిక్ మంత్లీ పత్రికకు ఇచ్చినాడు. హాస్యరచయితగా పేరుమోసినవాని కలం నుండి హాస్యం లేని కథ వెలువడినది. నిరక్షరుల నోటిమాట ఎంతటి బరువునైనా మోయగలదని ఆయనకు రుజువైనది ఇక్కడనే.

టామ్ సాయర్ 1876లో వెలువడినది. అదే వేసవిలో హక్ కథ మొదలుపెట్టినాడు. నాలుగువందల పుటల ప్రాంతం వ్రాసి ఆపివేసినాడు. కథ ఆయనను ఇరుకున పెట్టినది. హక్ అనే అనాథప్రాయుడైన తెల్లపిల్లవాడు, జిమ్ అనే పారిపోయిన బానిస ఒక తెప్పపై ఏటివాలున పోతున్నారు. కైరో అనే ఊరివద్ద ఒహాయో నదిలోనికి తిరిగితే జిమ్‌కు స్వాతంత్ర్యం. కాని పొగమంచులో ఆ చోటు దాటిపోయినారు. ఇక నది తీసికొని పోయేది దక్షిణానికి, అనగా బానిసత్వపు నడిగర్భానికి. విడుదల కోరి బయలుదేరినవానిని ప్రవాహం అటు కొట్టుకొనిపోవటం కథకు లోపమని కొందరన్నారు. నిజానికి ఆ గ్రంథానికి గాంభీర్యమంతా దానివలననే వచ్చినది. రచయిత 1879-80లలో కొంత, 1882లో మరల మిసిసిపి యాత్ర చేసివచ్చిన పిదప 1883 వేసవిలో మిగిలినదంతా పూర్తిచేసినాడు.

కథ అంతా హక్ చెప్పుకొన్నదే. వ్యాకరణం ఎరుగని పల్లెపిల్లవాని భాష. పలు మాండలికాలను, ఒకదానితో ఒకటి కలియనీయక వ్రాసినానని రచయిత ముందుగా చెప్పుకొన్నాడు. ఆ భాషలోనే నవలకు ప్రాణమైన ఘట్టం నడుస్తుంది. జిమ్‌ను మోసగాండ్రు నలభై డాలర్లకు అమ్ముకొన్నారు. యజమానురాలికి జాబు వ్రాసి అతడున్న చోటు తెలుపటం తన ధర్మమని హక్ నమ్ముతాడు. ఎవరి సొత్తును వారికి చేర్చకపోవటం దొంగతనం కదా! జాబు వ్రాస్తాడు. పాపం కడిగినట్లు మనసు తేలికపడుతుంది. అంతలో తెప్పమీద గడచిన రాత్రులు గుర్తుకు వస్తాయి. తాను నిద్రపోతూ ఉంటే లేపకుండా తన వంతు కాపలా కూడ జిమ్ కాసిన రాత్రులవి. ఆ జాబు చింపివేసి, నరకానికైనా పోవటానికి సిద్ధపడతాడు. బానిసత్వం తప్పని వానికి ఆ క్షణంలో కూడ తెలియదు. తానే పాపినని నమ్ముతూ మంచిపని చేస్తాడు. ఈ విపర్యయం పిల్లలచేత గ్రహింపజేయటమే ఉపాధ్యాయుని అసలు పరీక్ష. సంఘం నూరిపోసిన అంతరాత్మ ఒక వైపు, మంచి హృదయం ఒక వైపు నిలిచి పోరాడిన కథ ఇదని ఆయన 1895లో తన ఉపన్యాసాల కోసం వ్రాసికొన్న గమనికలలో స్వయంగా విశదీకరించినాడు.

కాని ఆ తరువాతి పన్నెండు అధ్యాయాలున్నవి. టామ్ సాయర్ మరల వచ్చి, జిమ్‌ను విడిపించే పనిని తాను చదివిన సాహసకథల పోలికతో ఆటగా మార్చివేస్తాడు. ఎలుకలు, పాములు, తాళ్ళనిచ్చెనలు. యజమానురాలు మరణశాసనంలో జిమ్‌కు విడుదల వ్రాసి రెండు నెలలైనదని టామ్‌కు మొదటినుండి తెలుసు! పొగమంచు రాత్రి తనను ఏడిపించిన హక్‌చేత తలవంచి క్షమాపణ చెప్పించుకొన్న నిండుమనిషి, చెవిటిదైన తన చిన్నబిడ్డను తెలియక కొట్టినందుకు కుమిలిన తండ్రి, ఈ అధ్యాయాలలో పిల్లల చేతి బొమ్మగా మిగిలినాడు. ఎంత అభిమానం ఉన్నవారైనా ఈ భాగాన్ని సమర్థించటం కష్టం.

పుస్తకం 1884 డిసెంబరులో ఇంగ్లండులోను, 1885 ఫిబ్రవరిలో అమెరికాలోను వెలువడినది. అమెరికాలో ప్రకటించినది ఆయన సొంత సంస్థే. మరునెలలోనే మసాచూసెట్సులోని కాన్‌కార్డ్ గ్రంథాలయాధికారులు అది మొరటు పుస్తకమనీ, పిల్లలకు తగదనీ తొలగించినారు. దీనివలన ఇంకొక ఇరవైఐదు వేల ప్రతులు అమ్ముడవుతాయని ఆయన లెక్కవేసి సంతోషించినాడు. అప్పుడు వచ్చిన అభ్యంతరం నల్లవారి పక్షాన వచ్చినది కాదు, మర్యాదస్థుల పక్షాన వచ్చినది. హక్ ఒళ్ళు గోక్కొంటాడు, అబద్ధాలాడుతాడు, మంచి ఇంగ్లీషు మాట్లాడడు. అదీ దోషం. ఆ యేటనే ఆయన యేల్ న్యాయకళాశాలలో చదువుతున్న వార్నర్ మెగిన్ అనే నల్లజాతి విద్యార్థికి భోజనవసతుల ఖర్చు భరించటానికి పూనుకొన్నాడు. నల్లవారి మనుష్యత్వాన్ని తెల్లవారు నలిపివేసినారనీ, ఆ సిగ్గు తమదేననీ, దాని మూల్యం తామే చెల్లించవలెననీ కళాశాలాధ్యక్షునికి వ్రాసిన జాబు నూరేండ్ల తరువాత 1985లో వెలుగులోనికి వచ్చినది. మెగిన్ బాల్టిమోరులో పేరుగన్న న్యాయవాది అయినాడు. అమెరికా సుప్రీంకోర్టుకు తరువాత తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్గుడ్ మార్షల్‌కు యౌవనంలో అండగా నిలిచినవారిలో ఆయన ఒకడు.

అచ్చు అక్షరాలు కూర్చే యంత్రమొకదానిపై మోజుపడి మార్క్ ట్వేన్ తన సంపాదన, భార్య ఆస్తి ధారపోసినాడు. కంపోజిటరుగా చేతులు నొప్పిపెట్టిన రోజులు మరవలేదేమో! యంత్రం నిలువలేదు. 1894లో ప్రకటనసంస్థ దివాలా తీసినది. దివాలా చట్టం మాటున తప్పుకొనే వీలుండగా, దాదాపు లక్ష డాలర్ల అప్పును పైసలతో తీర్చాలని అరువదియేండ్ల వయసులో ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలివ్వటానికి బయలుదేరినాడు. 1896 జనవరిలో బొంబాయిలో దిగి, రెండు నెలలకు పైగా కాశీ, కలకత్తా, డార్జిలింగు, ఆగ్రా, లాహోరుల వరకు తిరిగి, మద్రాసు మీదుగా సింహళానికి సాగిపోయినాడు. బొంబాయి హోటలులో ఒక జర్మను దొర, తలుపు సరిచేస్తున్న భారతీయ సేవకుని చెంపమీద నిష్కారణంగా కొట్టినాడు. ఆ సేవకుడు మారుపలుకక భరించినాడు. ఏబది యేండ్లుగా అటువంటిది చూడని ఆయనకు క్షణంలో మిస్సోరి కండ్లముందు నిలిచినది. సౌమ్యుడైన తన తండ్రి ఇంటి బానిసపిల్లవానిని చిన్న తప్పులకు చెంపదెబ్బ కొట్టేవాడనీ, అది అప్పుడు తనకు సహజంగానే తోచినదనీ యాత్రాగ్రంథంలో వ్రాసికొన్నాడు.

ఆ యాత్ర ముగియగానే, 1896 ఆగస్టులో, తానింకా ఇంగ్లండులో ఉండగా, ఇరువది నాలుగేండ్ల పెద్దకుమార్తె సూసీ మరణవార్త తంతిలో వచ్చినది. 1898 నాటికి అప్పులు తీరినవి. 1904లో భార్య, 1909 క్రిస్మసు ముందునాడు చివరి కుమార్తె జీన్ పోయినారు. 1910 ఏప్రిల్ 21న ఆయన కన్నుమూసినాడు. తాను పుట్టిన యేట కనిపించిన హేలీ తోకచుక్క ఆనాడు మరల ఆకాశంలో ఉన్నది.

1935లో హెమింగ్వే, ఆధునిక అమెరికన్ సాహిత్యమంతా ఈ ఒక్క పుస్తకం నుండి వచ్చినదనేవరకు పోయినాడు. జిమ్‌ను పట్టుకొన్నచోట చదవటం ఆపమని కూడ అన్నాడు. 1948లో ట్రిల్లింగు, 1950లో ఎలియటు దానికి పీఠికలు వ్రాసినారు. ఒకప్పుడు గ్రంథాలయాలు వెలివేసిన పుస్తకం పాఠశాలలలో తప్పనిసరి అయినది. అక్కడ రెండవ వివాదం పుట్టినది. నల్లవారిని హీనపరచే ఒక మాట ఆ నవలలో రెండువందలకు మించి వస్తుంది. హక్ కాలంలో అది అందరి నోటా ఉన్నదే. కాని ముప్పదిమంది తెల్లపిల్లల నడుమ ఒక్కడుగా కూర్చున్న నల్లపిల్లవాడు, తరగతిలో అది బిగ్గరగా చదువుతున్నప్పుడు, చరిత్రను వినడు. తన పేరును వింటాడు. 1957లో న్యూయార్కు నగర విద్యాధికారులు క్రింది తరగతుల ఆమోదిత గ్రంథాల పట్టిక నుండి దానిని తప్పించినారు. 1982లో వర్జీనియాలో మార్క్ ట్వేన్ పేరే పెట్టుకొన్న పాఠశాలలో దానిని తీసివేయాలని ప్రయత్నం జరిగినది. టోనీ మారిసన్ బాల్యంలో దీనిని ఉపాధ్యాయుని పర్యవేక్షణలో చదివినప్పుడు కలిగిన అణచుకొన్న కోపాన్ని 1996 నాటి పీఠికలో వివరించి, ఆ మాట ఏరివేయటం మాత్రం పెద్దల ఊరటకే గాని పిల్లల చదువుకు కాదని అభిప్రాయపడినది. అయినను 2011లో ఆ మాట తీసి, బదులుగా బానిస అనే అర్థమిచ్చే పదం వేసిన కూర్పు ఒకటి వచ్చినది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని అలా సవరించిన పుస్తకంలో హక్ పెరిగిన ఊరు ఉన్నదానికంటె మర్యాదగా కనిపిస్తుంది. అప్పుడు వాడు చింపిన జాబు బరువు కూడ తగ్గిపోతుంది. ఆ మాటను అచ్చులో ఉంచి, తరగతిలో నోట పలుకకుండ, అది ఎందుకున్నదో ముందుగా చెప్పి పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయులున్నారు. అది మేలైన త్రోవ. దానికి ఒకటి రెండు గంటలు అదనంగా పడుతుంది, అంతే.

నండూరి రామమోహనరావు అనువాదాల వలన టామ్, హక్ ఇద్దరూ తెలుగు పిల్లలకు చిరపరిచితులైనారు. మన బాలురు వారిని పరీక్షకోసం కాక సరదాకోసం చదువుకొన్నారు. ఆ మాట ములుకు మనకు గుచ్చుకొనలేదు గాని, ఊరిచివర కుర్రవానితో తిరుగవద్దన్న పెద్దల మాట మనకూ కొత్త కాదు.

పెర్సివల్ ఎవరెట్ అనే నల్లజాతి రచయిత ఈ కథనే జిమ్ చేత చెప్పించి, జేమ్స్ అనే పేరుతో 2024లో ప్రకటించిన నవలకు 2025లో పులిట్జర్ బహుమానం వచ్చినది. అందులోను ఒక పాఠశాల ఉన్నది. రాత్రివేళ బానిసల గుడిసెలో జేమ్స్ పిల్లలను చేర్చి పాఠం చెబుతాడు. ఇంటిలో చక్కని ఇంగ్లీషు మాట్లాడే ఆ పిల్లలకు, తెల్లవారి యెదుట దానిని విరిచి, నలిపి, తెలివి కనబడకుండ ఎట్లు పలకాలో నేర్పే పాఠమది.